జీమెయిల్‌కు పోతాంది, మన డొమైన్‌కే పోవట్లేదు: పోస్ట్‌ఫిక్స్ మెయిళ్లు యాడ ఆగిపోతాండాయి?

హంద్రీ గట్టు, కర్నూలు

అందరికీ నమస్తే. కర్నూల్లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు సర్వర్ పనులు చూస్తుంటా. వీపీఎస్ (అద్దె సర్వర్) మీద డెబియన్ 12 అనే లినక్స్, దాంట్లో మెయిళ్లు పంపే పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్, పీహెచ్‌పీ సైటు. రిపోర్టు రెడీ కాగానే సైటు నుంచి రెండు మెయిళ్లు పోవాల. ఒకటి పేషెంటుకు, ఇంకోటి మా డాక్టరుకు. డాక్టర్ల మెయిల్‌బాక్సులన్నీ గూగుల్ వర్క్‌స్పేస్‌లో, మా సొంత డొమైన్ పేరు మీదే ఉండాయి.

పేషెంట్ల జీమెయిల్‌కు, యాహూకు రిపోర్టు నిమిషంలో చేరిపోతాంది. డాక్టర్లకు మాత్రం ఒక్కటి కూడా రావట్లేదు. స్పామ్‌లో లేదు, ట్రాష్‌లో లేదు. నా జీమెయిల్ నుంచి డాక్టరుకు పంపితే చక్కగా పోతాంది. అంటే డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు బాగానే ఉన్నట్టే కదా. హోస్టింగ్ వాళ్లను అడిగితే డీఎన్ఎస్ (డొమైన్ పేరుకు సర్వర్ ఐపీ చూపించే వ్యవస్థ) అంతటా మారేదానికి 48 గంటలు ఆగమన్నారు, ఆగినా. మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్‌లో సర్వర్ ఐపీ కూడా చేర్చినా. ఏం మారలేదు. డాక్టర్లు ఇప్పుడు రిపోర్టులు వాట్సాప్‌లో తెప్పించుకుంటున్నారు. పేషెంట్ల వివరాలు అట్ల ఫోన్లలో తిరగడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ వెతకాలో చెప్పండి.

గండికోట, జమ్మలమడుగు

డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ సంతకం) పెట్టినారా అన్నా? 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ప్రతివాళ్లకూ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాల. రోజుకు 5000 దాటి పంపేవాళ్లకైతే రెండూ ఉండాల, ఆ పరీక్షలు ఫెయిలైతే ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా తప్పనిసరి. వర్క్‌స్పేస్ అడ్మిన్ కన్సోల్‌లో ఈమెయిల్ లాగ్ సెర్చ్ అని ఉంటాది. అక్కడ డాక్టరు అడ్రస్ కొట్టి చూడండి, క్వారంటైన్‌లో పడుంటే తెలుస్తాది.

హంద్రీ గట్టు, కర్నూలు

చూసినా తమ్ముడూ. మా సర్వర్ నుంచి వచ్చినట్టు ఒక్క ఎంట్రీ కూడా లేదు. రిజెక్ట్ చేసినట్టు కూడా లేదు.

అనంత లినక్స్, అనంతపురం

అక్కడ ఎంట్రీ లేదంటే మెయిల్ గూగుల్ గడప దాకా పోనే లేదు. అట్లాంటప్పుడు డీకిమ్, డీమార్క్ గురించి ఇప్పుడు ఆలోచించడం టైమ్ దండగ. డీఎన్ఎస్ జోలికి కూడా ఇంక పోవద్దు. మీ సర్వరే ఆ మెయిల్‌ను ఏదో చేసింది. ఏం చేసిందో లాగ్‌లో ఒక లైనులో రాసి పెట్టుంటాది.

డెబియన్ 12లో లాగ్ ఫైళ్లు రాసే ఆర్‌సిస్‌లాగ్ ముందుగా ఇన్‌స్టాల్ అయి రాదు. కాబట్టి వార్ లాగ్ (/var/log) డైరెక్టరీలో మెయిల్ లాగ్ ఫైలు లేదని కంగారు పడొద్దు. లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో 'పోస్ట్‌ఫిక్స్@-' అనే యూనిట్ అడిగితే అంతా వస్తాది. సైటు నుంచి డాక్టరుకు ఒక టెస్టు రిపోర్టు పంపి, ఆ మెయిల్ లైనులో 'రిలే=' తర్వాత ఏముందో, 'స్టేటస్=' తర్వాత ఏముందో ఇక్కడ పెట్టండి. అడ్రసులు దాచేయండి.

హంద్రీ గట్టు, కర్నూలు

అక్కా, రెండు రకాలుగా వస్తాంది. రిసెప్షన్ అడ్రసుకు, డాక్టర్ల అడ్రసులకు ఇట్ల:

రిలే=లోకల్, డీఎస్ఎన్=5.1.1, స్టేటస్=బౌన్స్‌డ్, అన్‌నోన్ యూజర్: "రిసెప్షన్"

రిపోర్ట్స్ అనే అడ్రసుకు మాత్రం ఇట్ల:

రిలే=లోకల్, డీఎస్ఎన్=2.0.0, స్టేటస్=సెంట్, డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్

రెండోది సెంట్ అంటాంది కదా. మరి వర్క్‌స్పేస్‌లో అది కూడా లేదు.

అనంత లినక్స్, అనంతపురం

దొరికింది. 'రిలే=లోకల్' అనేదే మీ సమస్య మొత్తం. గూగుల్‌కు పోయుంటే రిలే దగ్గర గూగుల్ సర్వర్ పేరు, ఐపీ, పోర్టు 25 ఉండేవి. లోకల్ అంటే పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిల్‌ను ఈ మిషన్‌లోనే ఉన్న లినక్స్ యూజర్లకు పంచబోయింది.

పోస్ట్‌ఫిక్స్ చేతికి ఏ మెయిల్ వచ్చినా మొదట చూసేది ఎంఎక్స్ కాదు. 'ఈ డొమైన్ నాదేనా' అని చూస్తాది. మైడెస్టినేషన్ అనే లిస్టులో డొమైన్ ఉంటే నాదే అనుకుని లోకల్‌కు ఇస్తాది. వర్చువల్ డొమైన్ల లిస్టులో ఉంటే వర్చువల్‌కు. రిలే డొమైన్లలో ఉంటే ముందున్న సర్వర్‌కు. ఎందులోనూ లేకపోతేనే డీఎన్ఎస్‌ను అడిగి ఎంఎక్స్ పట్టుకుని బయటకు పంపుతాది. మీ ఎంఎక్స్ ఎంత కరెక్టుగా ఉన్నా ఈ సర్వర్ దాన్ని అడగనే అడగట్లేదు. బయటోళ్ల జీమెయిల్ అడుగుతాంది కాబట్టి వాళ్లవి చేరుతాండాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సిస్టమ్ మెయిల్ నేమ్ ఏంటని అడుగుతాది. అందరూ అక్కడ ఉత్త డొమైన్ పేరు ఇస్తారు. అది ఈటీసీలో మెయిల్‌నేమ్ ఫైల్లోకీ పోతాది, మైడెస్టినేషన్‌లోకీ పోతాది. మెయిల్ కూడా ఈ మిషన్ మీదే ఉంటే అది సరైనదే. మెయిల్ వేరేచోట పెట్టుకున్నోళ్లకే ఈ తంటా.

ఇంక రిపోర్ట్స్ సంగతి. ఆ పేరుతో సర్వర్‌లో లినక్స్ యూజర్ ఎవరన్నా ఉన్నారా? ల్యాబ్ నుంచి ఫైళ్లు ఎక్కించడానికి పెట్టుంటారు చూడండి.

హంద్రీ గట్టు, కర్నూలు

ఉందక్కా! ల్యాబ్ మిషన్ నుంచి ఎస్‌ఎఫ్‌టీపీలో పీడీఎఫ్‌లు పంపేదానికి రిపోర్ట్స్ అనే యూజర్ ఉంది. వార్ మెయిల్ (/var/mail) డైరెక్టరీలో రిపోర్ట్స్ పేరుతో పెద్ద ఫైలు కనిపిస్తాంది. ఇన్ని నెలల రిపోర్టులు అక్కడే పడుండాయి. దాని పక్కనే 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' పేరుతో ఇంకో ఫైలు ఉంది, అది ఇంకా పెద్దది.

అనంత లినక్స్, అనంతపురం

ఆ రెండోది బౌన్సుల ఫైలు. పీహెచ్‌పీ నుంచి పోయే మెయిల్‌కు ఎన్వలప్ పంపేవాడు (మెయిల్ చేరకపోతే తిరిగిపోవాల్సిన అడ్రసు) వెబ్ సర్వర్ యూజరే. డాక్టరు మెయిల్ ఫెయిలైనప్పుడల్లా 'చేరలేదు' అనే ఉత్తరం ఆ యూజర్‌కే తిరిగొచ్చింది. ఆ యూజర్‌కు లాగిన్ లేకపోయినా డెలివరీకి అడ్డం లేదు, పాస్‌వర్డ్ ఫైల్లో పేరుంటే చాలు. సర్వర్ ప్రతిసారీ చెప్తూనే ఉంది. ఆ పెట్టె తెరిచేవాళ్లే లేరు.

ఆ రెండు ఫైళ్లనూ ఎవరూ ముట్టుకోవద్దు, డిలీట్ చేయొద్దు. అవి పేషెంట్ల రిపోర్టులు. ముందు కాపీ తీసి రూట్ మాత్రమే చదివేటట్టు పెట్టండి.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

అక్క చెప్పింది అక్షరాలా నిజం. సెట్టింగు మార్చే ముందు ఒక పని చేయి తమ్ముడూ. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో సాఫ్ట్‌బౌన్స్ = ఎస్ (yes) అని పెట్టి పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చేయి. రిపేరు జరిగినంతసేపూ 5తో మొదలయ్యే పర్మనెంట్ ఎర్రర్లన్నీ 4తో మొదలయ్యే తాత్కాలిక ఎర్రర్లుగా మారతాయి. మెయిల్ బౌన్స్ కాకుండా క్యూలో నిలబడుతుంది. క్యూలో మామూలుగా 5 రోజులు ఉంటుంది కాబట్టి నింపాదిగా సరిచేసుకోవచ్చు. నడుస్తున్న సర్వర్‌లో రౌటింగ్ మార్చే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. ఇంకో రిపోర్టు కూడా పోగూడదు.

ఆ తర్వాత మైడెస్టినేషన్‌లో నుంచి డొమైన్ పేరు తీసెయ్.

టెక్ రాయలసీమ, నంద్యాల

హోస్ట్స్ ఫైల్లో డొమైన్ పేరుకు ఎదురుగా గూగుల్ సర్వర్ ఐపీ రాసేస్తే సరిపోదా? సులువు కదా.

అనంత లినక్స్, అనంతపురం

పనిచేయదండి. పోస్ట్‌ఫిక్స్ బయటకు పంపేటప్పుడు మామూలుగా డీఎన్ఎస్‌నే అడుగుతాది, హోస్ట్స్ ఫైలు చూడదు. చూసేటట్టు చేసినా లాభం లేదు. ఇక్కడ మెయిల్ ఆ మెట్టు దాకా రానే రావట్లేదు, లోకల్ దగ్గరే ఆగిపోతాంది. పైగా గూగుల్ ఐపీలు మారుతుంటాయి.

హంద్రీ గట్టు, కర్నూలు

సాఫ్ట్‌బౌన్స్ పెట్టినా. మైడెస్టినేషన్‌లో డొమైన్ పేరు తీసేసినా, రీలోడ్ చేసినా. ఇప్పుడు లైనులో మైహోస్ట్‌నేమ్, లోకల్‌హోస్ట్ మాత్రమే ఉండాయి. అయినా రిలే=లోకల్ అనే వస్తాంది. స్టేటస్ మాత్రం బౌన్స్‌డ్ బదులు సాఫ్ట్‌బౌన్స్ అయింది, మెయిల్ క్యూలో ఉంది. రీలోడ్ కాదు, మొత్తం సర్వర్ రీస్టార్ట్ చేయాలా?

కొండారెడ్డి బురుజు, కర్నూలు

రీస్టార్ట్ వద్దు. సెట్టింగులు చూపించే పోస్ట్‌కాన్ఫ్ కమాండ్‌కు మైనస్ చిన్న ఎక్స్ (-x) ఇచ్చి మైడెస్టినేషన్ అడుగు. డాలర్ గుర్తుతో ఉన్న పేర్లన్నీ విప్పి చూపిస్తుంది. మైహోస్ట్‌నేమ్ స్థానంలో ఏమొచ్చిందో చెప్పు.

హంద్రీ గట్టు, కర్నూలు

మా డొమైన్ పేరే వచ్చింది అన్నా. సర్వర్ హోస్ట్‌నేమే ఉత్త డొమైన్ పేరుతో ఉంది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

అదే సంగతి. ముందు వాకిలి మూసినావు, అది వెనక వాకిలి నుంచి వచ్చేసింది. మెయిల్ వేరేచోట ఉన్నప్పుడు సర్వర్‌కు ఉత్త డొమైన్ పేరు పెట్టకూడదు. వెబ్ అనో యాప్ అనో ముందు ఒక మాట చేర్చి దానికంటూ సొంత పేరు ఇవ్వాల. ఆ పేరుకు డీఎన్ఎస్‌లో 'ఏ' (A) రికార్డు, అంటే పేరుకు ఐపీ చూపించేది, పెట్టు. వీపీఎస్ ప్యానెల్లో రివర్స్ డీఎన్ఎస్ కూడా ఆ పేరుకే మార్చు. పేషెంట్ల మెయిళ్లు ఇప్పుడు బాగా పోతున్నాయి, అవి చెడకూడదంటే ఐపీ నుంచి పేరుకూ, పేరు నుంచి ఐపీకీ రెండు వైపులా కలవాల.

తర్వాత మైహోస్ట్‌నేమ్‌లో ఆ కొత్త పేరు, మైఆరిజిన్‌లో (సర్వర్ యూజర్ల పేర్లకు వెనక చేర్చే డొమైన్) డాలర్ మైహోస్ట్‌నేమ్. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. మైఆరిజిన్ పాత డొమైన్‌గానే ఉంటే టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్ నుంచి రూట్‌కు వచ్చే మెయిళ్లన్నీ మీ వర్క్‌స్పేస్‌కు పోతాయి. అక్కడ రూట్ అనే మనిషి లేడు.

అనంత లినక్స్, అనంతపురం

దాంతోపాటు ఈటీసీలో అలియాసెస్ ఫైల్లో రూట్‌కు ఎదురుగా మీరు రోజూ చూసే అడ్రసు రాసి న్యూఅలియాసెస్ కొట్టండి. వెబ్ సర్వర్ యూజర్‌కు కూడా అట్లే రాయండి. ఇంకెప్పుడూ బౌన్సులు ఎవరూ చూడని పెట్టెలో పడకూడదు.

పీహెచ్‌పీలో సెండ్‌మెయిల్ పాత్ దగ్గర మైనస్ ఎఫ్ ఇచ్చి, మీ డొమైన్‌లో నిజంగా ఉన్న ఒక మెయిల్‌బాక్సు అడ్రసు పెట్టండి. బౌన్సు వస్తే రిసెప్షన్ వాళ్లకే నేరుగా కనిపిస్తాది. మీరు చేర్చిన ఎస్‌పీఎఫ్ కూడా అప్పుడే పనికొస్తాది, ఎందుకంటే అవతలి సర్వర్ ఎస్‌పీఎఫ్ చూసేది ఎన్వలప్ పంపేవాడి డొమైన్‌కే. పైకి కనిపించే ఫ్రమ్ లైనుకు కాదు.

పంపే ముందు పరీక్షించాలంటే సెండ్‌మెయిల్ మైనస్ బీవీ అని డాక్టరు అడ్రసు ఇవ్వండి. అసలు మెయిల్ పోదు. ఏ దారిన పోయేదో రిపోర్టు మాత్రం మీ పెట్టెకు వస్తాది.

హంద్రీ గట్టు, కర్నూలు

అయిందక్కా! అయిందన్నా! క్యూలో ఉన్నవి పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్‌తో తోసినా. రిలే దగ్గర గూగుల్ సర్వర్ పేరు, పోర్టు 25, స్టేటస్=సెంట్, 250 2.0.0 ఓకే. మా పెద్ద డాక్టరు ఫోన్ చేసి రిపోర్టు వచ్చిందని చెప్పినారు. క్రాన్ మెయిల్ కూడా నా పెట్టెకు వచ్చింది.

ఇప్పుడు ఆ పాత మెయిళ్లు ఎట్ల? పొయ్యి మీది పని ఇది, డాక్టర్లు అడుగుతాండారు.

అనంత లినక్స్, అనంతపురం

రిపోర్ట్స్ ఫైలు సులువు. అది ఎంబాక్స్ ఫార్మాట్, మెయిళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఒకే ఫైల్లో ఉంటాయి. ఫార్‌మెయిల్‌తో విడగొట్టి మళ్లీ పంపొచ్చని కొందరు చెప్తారు. నేను వద్దంటా. వందల మెయిళ్లు ఒక్కసారిగా పోతే గూగుల్ నెమ్మదించమంటాది, చూసేవాళ్లకు కూడా అన్నీ ఈరోజు వచ్చినట్టు కనిపిస్తాయి. ఒక కంప్యూటర్లో థండర్‌బర్డ్ పెట్టి, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడ్ఆన్‌తో ఆ ఫైలు తెరవండి. అదే థండర్‌బర్డ్‌లో రిపోర్ట్స్ మెయిల్‌బాక్సును ఐమ్యాప్‌తో కలిపి ఇటు నుంచి అటు లాగండి. తేదీలు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి.

బౌన్సుల ఫైలుతోనే ఇబ్బంది. పోస్ట్‌ఫిక్స్ బౌన్సులో అసలు మెయిల్‌ను మొత్తం జతచేసేది 50000 బైట్ల లోపు ఉంటేనే. అది దాటితే పైనున్న హెడర్లు మాత్రమే పెడతాది. మీ పీడీఎఫ్‌లు దానికంటే పెద్దవే అయ్యుంటాయి.

హంద్రీ గట్టు, కర్నూలు

అవునక్కా, మావి పెద్దవే. లోగో, గ్రాఫులు అన్నీ ఉంటాయి.

అనంత లినక్స్, అనంతపురం

అట్లయితే ఆ ఫైలును లిస్టుగా వాడుకోండి. హెడర్లలో ఎవరికి, ఏ తేదీన, ఏ సబ్జెక్టుతో పోయిందో ఉంటాది. ఆ వరుస పట్టుకుని మీ సైటు డేటాబేసు నుంచి పీడీఎఫ్‌లు మళ్లీ పంపండి, డాక్టరు డాక్టరుకు విడివిడిగా, కొన్ని కొన్ని చొప్పున. ఏ పేషెంటు రిపోర్టు ఏ డాక్టరుకు పోవాలనేది మాత్రం మనిషి కళ్లతో చూసి పంపండి. స్క్రిప్టు మీద వదిలేయొద్దు.

టవర్ క్లాక్, అనంతపురం

అందరికీ నమస్కారం. ఈ చర్చ చదివి మా లాగ్ తెరిచినా. మాది ఇంకో రకం. మెయిల్ కూడా మా సర్వర్‌లోనే, పోస్ట్‌ఫిక్స్, ఫోన్లకు మెయిల్ చూపించే డవ్‌కాట్. మెయిన్.సీఎఫ్‌లో హోమ్ మెయిల్‌బాక్స్ అని మెయిల్‌డిర్ (ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైలు ఉండే ఫోల్డరు) పెట్టినా. డవ్‌కాట్ కూడా మెయిల్‌డిర్‌లోనే చూస్తాంది. లాగ్‌లో స్టేటస్=సెంట్ వస్తాంది, ఫోన్లో ఇన్‌బాక్సు ఖాళీ. డవ్‌కాట్ తీసేసి మళ్లీ వేయాలని మా ఆఫీసులో అంటున్నారు.

అనంత లినక్స్, అనంతపురం

తీసేయొద్దు. సెంట్ తర్వాత ఉన్న మాట ఏంటి? 'డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్' అంటే వార్ మెయిల్‌లోకి పోయింది. 'డెలివర్డ్ టు మెయిల్‌డిర్' అంటే ఇంటి డైరెక్టరీలోకి. 'డెలివర్డ్ టు కమాండ్' అంటే వేరే ప్రోగ్రాము చేతికిచ్చింది.

టవర్ క్లాక్, అనంతపురం

డెలివర్డ్ టు కమాండ్: ప్రాక్‌మెయిల్ అని ఉంది మేడం.

అనంత లినక్స్, అనంతపురం

అదే అడ్డం. ప్రాక్‌మెయిల్ అనేది వచ్చిన మెయిళ్లను పంచే వేరే ప్రోగ్రాము. లోకల్ డెలివరీకి ఒక వరుస ఉంది. మెయిల్‌బాక్స్ ట్రాన్స్‌పోర్ట్ మొదట, దాని తర్వాత మెయిల్‌బాక్స్ కమాండ్, ఆ తర్వాతే హోమ్ మెయిల్‌బాక్స్, అదీ లేకపోతే వార్ మెయిల్. పైన ఒకటి పెట్టుంటే కింద మీరేం రాసినా పోస్ట్‌ఫిక్స్ అక్కడి దాకా రాదు, తప్పని చెప్పదు, వార్నింగ్ కూడా ఇవ్వదు. డెబియన్, ఉబుంటులలో ప్రాక్‌మెయిల్ ఉన్న మిషన్ మీద పోస్ట్‌ఫిక్స్ పెడితే మెయిల్‌బాక్స్ కమాండ్ దానికదే నిండుతాది. ఆ లైనులో ఈక్వల్స్ తర్వాత ఖాళీ పెట్టి రీలోడ్ చేయండి.

ఇంకొక మాట. రాబోయే రోజుల్లో డెబియన్ 13కు మారేటట్టుంటే దాంట్లో డవ్‌కాట్ 2.4 వస్తాది. మెయిల్ లొకేషన్ అనే పాత లైను అందులో లేదు, మెయిల్ డ్రైవర్, మెయిల్ పాత్ అని రెండుగా విడగొట్టినారు. పాత కాన్ఫిగ్‌తో డవ్‌కాట్ లేవదు. ముందుగా వేరే మిషన్ మీద చూసుకోండి.

టవర్ క్లాక్, అనంతపురం

వచ్చేసింది మేడం. ఇప్పుడు డెలివర్డ్ టు మెయిల్‌డిర్ అంటాంది, ఫోన్లో కనిపిస్తాంది. పాతవి డవ్‌కాట్‌లోని డవ్‌అడ్మ్ ఇంపోర్ట్ కమాండ్‌తో తెచ్చుకుంటా. చాలా థ్యాంక్స్.

ఏడు రోడ్లు, కడప

అన్నా, పైన చెప్పినట్టే మా ఆఫీసు సర్వర్‌లో కూడా మైడెస్టినేషన్‌లో డొమైన్ తీసేసినాము. ఇప్పుడు మేము మాలో మేము పంపుకునేవి 'మెయిల్ లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్' అని తిరిగొస్తాండాయి. బయటోళ్లవి కూడా రావట్లేదు. అర్జెంటు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

మీ ఎంఎక్స్ ఎవరిని చూపిస్తోంది? మీ సర్వర్‌నే కదా?

ఏడు రోడ్లు, కడప

అవునన్నా, మా సర్వరే.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

అయితే ఇప్పుడే డొమైన్ పేరు తిరిగి అక్కడే పెట్టి రీలోడ్ చేయి. హంద్రీ గట్టు వాళ్ల మెయిల్ గూగుల్‌లో ఉంది, అందుకే తీసేయమన్నాం. మీ మెయిల్ మీ మిషన్‌లోనే ఉంది. డొమైన్ నాది కాదు అనుకుని పోస్ట్‌ఫిక్స్ ఎంఎక్స్ అడిగింది, ఎంఎక్స్ తన ఐపీనే చూపించింది. ఈ రెండూ పొసగవు కాబట్టి ఆ ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపింది.

బయటి మెయిళ్ల గురించి భయపడొద్దు. ఏ మెయిల్ తీసుకోవాలో చెప్పే ఎస్ఎంటీపీడీ రిలే రెస్ట్రిక్షన్స్ సెట్టింగు మార్చకుండా ఉంటే వాటికి 454తో తాత్కాలిక ఎర్రర్ పోయుంటుంది. పంపిన సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాలని ఎస్ఎంటీపీ ప్రమాణమే చెప్తుంది. మీలో మీరు పంపుకున్నవి మాత్రం తిరిగొచ్చినాయి, అవి మళ్లీ పంపుకోవాల.

ఏడు రోడ్లు, కడప

పెట్టేసినాం అన్నా. బయటి మెయిళ్లు ఒక్కొక్కటే దిగుతాండాయి. మాకు రెండో డొమైన్ కూడా ఉంది, దాన్ని వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్లలో రాసినాం. అదీ మైడెస్టినేషన్‌లో కనిపిస్తాంది. అట్ల రెండుచోట్లా ఉండొచ్చా?

అనంత లినక్స్, అనంతపురం

ఉండకూడదు. ఒక డొమైన్ ఒకచోటే ఉండాల. రెండుచోట్లా రాయొద్దని మీ లాగ్‌లోనే వార్నింగ్ పడుతుంటాది, వెతకండి. ఆ డొమైన్‌లోని మనుషులకు లినక్స్ అకౌంట్లు లేకపోతే వర్చువల్‌లో ఉంచి మైడెస్టినేషన్‌లో తీసేయండి. ఈ ఒక్కదాన్నే, మొదటిదాన్ని కాదు. ముందు సాఫ్ట్‌బౌన్స్ పెట్టుకోండి.

గండికోట, జమ్మలమడుగు

సీప్యానెల్ (హోస్టింగ్ నడిపే ప్యానెల్) వాడేవాళ్లకు ఒక మాట. దాంట్లో పోస్ట్‌ఫిక్స్ కాదు, ఎగ్జిమ్ అనే ఇంకో మెయిల్ సాఫ్ట్‌వేర్ ఉంటాది. ఇదే సమస్య అక్కడా వస్తాది. ఈమెయిల్ రౌటింగ్ అనే పేజీలో లోకల్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్ అని ఉంటే మెయిల్ అక్కడే ఆగిపోతాది. గూగుల్‌లోనో జోహోలోనో మెయిల్ ఉన్నోళ్లు రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్ ఎంచుకోవాల.

హంద్రీ గట్టు, కర్నూలు

రిపోర్ట్స్ ఫైలు మొత్తం థండర్‌బర్డ్ నుంచి ఎక్కించేసినా, తేదీలు కరెక్టుగా ఉండాయి. డాక్టర్లవి రిసెప్షన్‌లో ఇద్దరు కూర్చుని లిస్టు చూసి పంపుతాండారు. అయిపోయినాక సర్వర్‌లోని రెండు ఫైళ్లూ, నేను తీసిన కాపీ తీసేస్తా. డిలే వార్నింగ్ టైమ్ 4 గంటలు పెట్టినా, క్యూలో మెయిల్ ఇరుక్కుంటే రిసెప్షన్‌కు తెలుస్తాది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

సాఫ్ట్‌బౌన్స్ తీసినావా? అది అట్లే ఉంటే తప్పు అడ్రసుకు పోయిన మెయిల్ వెంటనే తిరిగిరాదు, 5 రోజులు క్యూలో తిరుగుతుంది. పేషెంటు అడ్రసులో ఒక అక్షరం తప్పు పడితే రిసెప్షన్ వాళ్లకు అప్పుడే తెలియాల.

హంద్రీ గట్టు, కర్నూలు

ఇప్పుడే తీసినా అన్నా, పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్‌లో చూసుకున్నా, లేదు. లేని అడ్రసుకు ఒకటి పంపి చూసినా, బౌన్స్ రిసెప్షన్ పెట్టెకు వెంటనే వచ్చింది.